సియాటిల్ కౌన్సిల్‌లో పదేళ్లు: క్షమా సావంత్ రాజకీయ జీవితం

క్షమా సావంత్ పేరు మన తెలుగువాళ్లలో ఎక్కువమందికి 2023 ఫిబ్రవరిలో తెలిసింది. కుల వివక్షను నిషేధిస్తూ అమెరికాలో మొట్టమొదటిసారిగా వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ నగరం చట్టం చేసిందనీ, దాన్ని ప్రతిపాదించింది భారతదేశంలో పుట్టి పెరిగిన ఒక కౌన్సిల్ సభ్యురాలనీ వార్త వచ్చాక, ఇక్కడి తెలుగు కుటుంబాల విందుల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ కొన్ని వారాలపాటు అదే చర్చ నడిచింది. మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, మండిపడ్డవాళ్లు ఉన్నారు, కానీ ఇద్దరూ ఆమెను ఆ ఒక్క రోజుతోనే కొలిచారు. ఆ చట్టం వచ్చేనాటికి సావంత్ కౌన్సిల్‌లో పదో ఏట ఉన్నారు. మూడు ఎన్నికలు గెలిచి, పదవి నుంచి దించేయడానికి పెట్టిన ఓటింగును కూడా దాటుకుని, ఇక పోటీ చేయబోనని అప్పటికే ప్రకటించి ఉన్నారు. గంటకు ఎంత కూలి ఇవ్వాలన్న ప్రశ్నతో మొదలై కులం ప్రశ్న దాకా సాగిన ఆ పదేళ్లనూ వరసగా చూస్తే తప్ప ఆ ఫిబ్రవరి ఓటింగు ఎలా సాధ్యమైందో బోధపడదని నేను గట్టిగా నమ్ముతాను.

ముందుగా ఆ పదవి సంగతి చెప్పాలి. సియాటిల్ కౌన్సిల్‌లో ఉండేది తొమ్మిదిమందే. వాళ్లలో ఏడుగురు ఒక్కో డిస్ట్రిక్టు నుంచి, ఇద్దరు నగరం మొత్తం మీద ఎన్నికవుతారు. పదవీకాలం నాలుగేళ్లు, బ్యాలెట్ మీద పార్టీ గుర్తు ఉండదు. 2020 జనగణన ప్రకారం నగర జనాభా 7 లక్షల 37 వేలు, అంటే ఒక్కో డిస్ట్రిక్టులో లక్షమందికి పైగా ఉంటారు. మన హైదరాబాద్ మహానగర పాలక సంస్థకు 2020 డిసెంబరులో ఎన్నికలు జరిగినప్పుడు 150 డివిజన్లు ఉన్నాయి. కార్పొరేటర్ అనగానే మనకు గుర్తొచ్చేది డ్రైనేజీ, వీధి దీపాలు, నాలా పూడిక, పింఛను దరఖాస్తు. అసలు అధికారం కమిషనర్ చేతిలో, ఆపైన రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటుంది. కనీస వేతనం ఎంత ఉండాలో, అద్దె పెంచే ముందు ఎన్నాళ్ల నోటీసు ఇవ్వాలో నిర్ణయించే హక్కు మన కార్పొరేటర్‌కు లేదు. సియాటిల్ కౌన్సిల్ సభ్యులకు ఉంది. రాష్ట్ర చట్టం అడ్డుకోని ప్రతి విషయంలోనూ అయిదు ఓట్లు కూడగడితే, మేయర్ వీటో చేయకుంటే, నగర చట్టం అవుతుంది. ఈ అయిదు ఓట్లు ఎలా వస్తాయన్నదే సావంత్ కథ అంతా.

ఆమె 1973లో పుణెలో పుట్టారు, ముంబైలో పెరిగారు, తమిళ బ్రాహ్మణ కుటుంబం. ముంబై విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ చదివి, అమెరికా వచ్చి, ఇక్కడ తోవ మార్చుకుని నార్త్ కరొలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. కంప్యూటర్ చదువుతో వచ్చిన మనిషి ఆ బాట వదిలి పేదరికం ఎందుకుందో తెలుసుకోవడానికి మళ్లీ మొదటి నుంచి చదువుకోవడం మనవాళ్లలో అరుదు. 2006లో సియాటిల్ చేరి, కమ్యూనిటీ కాలేజీలో అర్థశాస్త్రం పాఠాలు చెబుతూ సోషలిస్ట్ ఆల్టర్నేటివ్ అనే చిన్న పార్టీలో పనిచేశారు. 2010లో పౌరసత్వం వచ్చింది. రెండేళ్లకే, 2012లో, రాష్ట్ర ప్రతినిధుల సభ స్పీకర్‌గా ఉన్న ఫ్రాంక్ చాప్ మీద పోటీ చేసి ఓడిపోయారు. ఓడినా దాదాపు 29 శాతం ఓట్లు వచ్చాయి, సోషలిస్టునని పేరు పెట్టుకుని చెప్పే అభ్యర్థికి ఆ నగరంలో అన్ని ఓట్లుంటాయని అంతవరకు ఎవరూ అనుకోలేదు.

మరుసటి ఏడాది ఆమె నగర కౌన్సిల్‌కు నిలబడ్డారు. ఎదుట ఉన్నది రిచర్డ్ కాన్లిన్, 1997 నుంచి వరసగా గెలుస్తూ వస్తున్న సభ్యుడు. అప్పటికి డిస్ట్రిక్టులు లేవు, నగరం మొత్తం తిరిగి ఓట్లడగాలి. ఆమె ప్రచారమంతా ఒకే అంకె చుట్టూ నడిచింది: గంటకు 15 డాలర్లు. ఆ ఏడాది మే నెలలో సియాటిల్ ఫాస్ట్‌ఫుడ్ సిబ్బంది సమ్మె చేసి ఆ అంకెను వీధిలోకి తెచ్చారు, ఆమె దాన్ని గోడపత్రికల మీదికి తెచ్చారు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఓటు తపాలాలో వేస్తారు, పోలింగ్ రోజు తేదీ ముద్ర పడిన కవర్లన్నీ ఆ తర్వాత రోజుల తరబడి లెక్కపెడతారు. మొదటి రాత్రి కాన్లిన్ ముందున్నారు. యువతా అద్దెదారులూ ఆఖరి నిమిషంలో పంపిన కవర్లు విప్పేకొద్దీ తేడా తగ్గుతూ వచ్చి, చివరికి సావంత్ మూడు వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. 1916లో స్కూలు బోర్డుకు అనా లూయీస్ స్ట్రాంగ్ ఎన్నికైన తర్వాత ఆ నగరం మొత్తం ఓట్లతో ఒక సోషలిస్టు గెలవడం అదే. స్ట్రాంగ్ యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు 1918లో ఓటర్లు ఆమెను రీకాల్ చేసి పదవి నుంచి తొలగించారు. ఆ చరిత్ర తెలిసినవాళ్లు అప్పుడే దాన్ని గుర్తుచేశారు.

2014 జనవరిలో ప్రమాణం చేశాక సావంత్ మొదట చేసిన పని తన జీతంలో కోత పెట్టుకోవడం. కౌన్సిల్ సభ్యులకు అప్పట్లో ఏడాదికి సుమారు లక్షా 17 వేల డాలర్ల జీతం. అందులో పన్నులు పోను 40 వేలే తాను ఉంచుకుని, మిగతాది సమ్మెలకూ ఉద్యమాలకూ ఒక నిధిగా పెట్టారు, పదేళ్లూ ఆ మాట తప్పలేదు. తర్వాత ఆమె చేసినవాటిలో నేను ఒప్పుకోనివి ఉన్నా, ఈ ఒక్క విషయంలో ఆమె పట్ల నా గౌరవం ఎప్పుడూ తగ్గలేదు.

కనీస వేతనం పోరాటం ఎలా గెలిచారన్నది వివరంగా చెప్పుకోదగినది. వాషింగ్టన్ రాష్ట్ర కనీస వేతనం 2014లో గంటకు 9.32 డాలర్లు. కొత్త మేయర్ ఎడ్ మర్రే యజమానులనూ యూనియన్లనూ కూర్చోబెట్టి ఒక కమిటీ వేశారు, సావంత్ కూడా అందులో సభ్యురాలు. ఆమె లోపల కూర్చుంటూనే బయట ‘15 నౌ’ పేరుతో వాడవాడలా సంఘాలు పెట్టించారు. కమిటీ ఎటూ తేల్చకపోతే నగరానికి రాజ్యాంగం లాంటి చార్టర్‌కు ఒక సవరణను నేరుగా ఓటర్ల ముందు పెడతామని సంతకాల సేకరణ మొదలుపెట్టారు. ఆ సవరణ గెలిస్తే పెద్ద సంస్థలకు గడువే ఉండదు కాబట్టి, ఏదో ఒక ఒప్పందానికి రావడమే మేలని వ్యాపార వర్గాలకు అనిపించింది. మే 1న మేయర్ ఒప్పందం ప్రకటించారు. 500 మందికి మించి సిబ్బంది ఉన్న సంస్థలకు మూడు నాలుగేళ్లు, చిన్నవాటికి ఏడేళ్ల దాకా గడువు, చిన్న సంస్థలు టిప్పులనూ ఆరోగ్య బీమాకు కట్టే సొమ్మునూ కొన్నాళ్లపాటు వేతనంలో కలిపి చూపుకునే వెసులుబాటు. జూన్ 2న కౌన్సిల్‌లో సావంత్ ఆ గడువులను కుదించే సవరణలు పెట్టారు, అవి వీగిపోయాయి. అయినా ఆమె మూల బిల్లుకు ఓటేశారు, తొమ్మిదికి తొమ్మిది ఓట్లతో నెగ్గింది.

ఆమెను మొండి మనిషిగా మాత్రమే చూసేవాళ్లు ఈ చివరి మాట మరిచిపోతారు. అడిగింది అంతా రాలేదు, వచ్చినదాన్ని వదులుకోలేదు. అలాగని బేరాన్ని ముందే తగ్గించి మొదలుపెట్టలేదు. జనం వినే చోట పెద్ద అంకె చెప్పడం, సభ నింపడం, చివరిదాకా లాగడం, ఓటు వేళకు ఉన్నదానికి చేయెత్తడం ఆమె పద్ధతి. తర్వాత వచ్చిన ప్రతి బిల్లులోనూ ఈ నాలుగూ కనబడతాయి.

సభ నింపడమంటే ఏమిటో నేను దగ్గరి నుంచి చూశాను. నేను క్యాపిటల్ హిల్‌లో అద్దెకు ఉన్న రోజుల్లో ఆమె మా కౌన్సిల్ సభ్యురాలు. నాకు అప్పటికి ఓటు లేదు, కానీ అక్కడ మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు. ఫోర్త్ అవెన్యూలోని సిటీ హాల్లో కౌన్సిల్ గది రెండో అంతస్తులో ఉంటుంది. వంపు తిరిగిన బల్ల వెనక తొమ్మిది కుర్చీలు, ఎదురుగా మైకు, సమయం చూపే గడియారం. సమావేశం మొదట్లో పేరు రాసుకున్న ఎవరైనా వచ్చి ఒకటి రెండు నిమిషాలు మాట్లాడవచ్చు. మామూలు రోజున పది పదిహేనుమంది వస్తారు. సావంత్ బిల్లు ఉన్న రోజున ఎర్ర అట్టలు పట్టుకున్న జనంతో గది నిండి, బయట వరండా నిండి, కింద మెట్ల దాకా ఉండేవాళ్లు. వంటశాలలో గిన్నెలు కడిగే మనిషి తన అద్దె రసీదు తీసి చూపించి, జీతంలో ఎంత పోతోందో చెప్పి, గంట మోగగానే మాట మధ్యలో ఆపి వెళ్లిపోయాడు. ఆయన తర్వాత మైకు దగ్గరికి వచ్చినావిడ తన వంతు సమయంలో మొదట ఆయన వాక్యాన్ని పూర్తి చేసి, ఆ తర్వాతే తన మాట మొదలుపెట్టింది. బల్ల వెనక కూర్చున్నవాళ్లు తలెత్తి వినక తప్పలేదు. ఆ వినిపించడమే ఆమె అసలు పని అని ఆ రోజు నాకు అర్థమైంది. కౌన్సిల్లో తనకున్నది ఒక్క ఓటే, మిగతా నాలుగూ ఆ గదిలోని జనం తేవాలి.

కనీస వేతనం చట్టం ఫలితాల మీద వాదోపవాదాలు ఇంకా ముగియలేదు. 2017లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తక్కువ జీతాల సిబ్బందికి పని గంటలు తగ్గాయనీ, సగటున నెలకు 125 డాలర్ల దాకా నష్టపోయారనీ తేల్చారు. అదే సమయంలో బర్క్‌లీ పరిశోధకులు హోటళ్లలో జీతాలు పెరిగాయే గానీ ఉద్యోగాలు తగ్గలేదని చెప్పారు. ఇక్కడ దోసెల హోటలు నడిపే మన తెలుగాయన ఒకరు నాతో, ‘‘పెద్ద కంపెనీకి గడువు దాటినా తట్టుకుంటుంది, నాకు నలుగురు మనుషులు, ఒకరిని తగ్గిస్తే పొయ్యి దగ్గర నేనే నిలబడాలి’’ అన్నారు. ఆయన మాటలో నిజముంది. ఆ హోటల్లోనే పనిచేసే విద్యార్థులు చెప్పిన మాటలోనూ నిజముంది. చిన్న వ్యాపారులకు ఏడేళ్ల గడువు ఇవ్వడం సరైనదని నేను అనుకుంటాను, సావంత్ అప్పట్లో దాన్ని వ్యతిరేకించారు.

2015 నుంచి నగరం డిస్ట్రిక్టుల వారీ ఎన్నికలకు మారింది. సావంత్ మూడో డిస్ట్రిక్టు ఎంచుకుని, నల్లజాతివాళ్ల హక్కుల కోసం పనిచేసే అర్బన్ లీగ్ స్థానిక శాఖ అధ్యక్షురాలు పమేలా బ్యాంక్స్ మీద తేలిగ్గానే గెలిచారు. క్యాపిటల్ హిల్‌లో అద్దె గదుల కుర్రకారు, ఒకప్పుడు నల్లజాతివాళ్లకు ఇళ్లు దొరికిన దాదాపు ఏకైక ప్రాంతమైన సెంట్రల్ డిస్ట్రిక్టు, లేక్ వాషింగ్టన్ దగ్గర ప్రహరీ గేట్ల వెనక సంపన్నుల బ్రాడ్‌మూర్, ఇవన్నీ ఆ ఒక్క డిస్ట్రిక్టులోనే ఉన్నాయి. ఎన్నికల పటం గీస్తే పై నుంచి కిందికి, కొండ నుంచి సరస్సు ఒడ్డుకు ఆమె ఓట్లు తగ్గిపోతూ ఉండేవి.

అద్దెదారుల చట్టాలే నా జీవితానికి నేరుగా తగిలాయి. రాష్ట్ర చట్టం 1981 నుంచి అద్దె నియంత్రణను నిషేధించింది కాబట్టి, అద్దె ఎంత ఉండాలో నగరం చెప్పలేదు. అందుకని ఆమె దాని చుట్టూ ఉన్నవన్నీ పట్టుకున్నారు. ఇంట్లో చేరేటప్పుడు కట్టే అడ్వాన్సు మీద 2016లో పరిమితి వచ్చింది, విడతలుగా కట్టుకోవచ్చు. 2020లో చలికాలపు నెలల్లో ఖాళీ చేయించకుండా చట్టం వచ్చింది. 2021లో అద్దె పెంచాలంటే 180 రోజుల ముందు చెప్పాలన్నారు. పది శాతం గానీ అంతకు మించి గానీ పెంచితే, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు ఇల్లు మారడానికి మూడు నెలల అద్దెను యజమాని ఇవ్వాలన్నారు. అంతకు ముందు మా ఇంటి యజమాని అద్దె పెంపు కాగితం రెండు నెలల ముందు తలుపు కింద తోసేవారు, కొత్త ఇల్లు వెతుక్కోవడానికీ పిల్లల బడి మార్చుకోవడానికీ ఆ వ్యవధి చాలేది కాదు. చట్టం వచ్చాక అదే కాగితం ఆరు నెలల ముందు వచ్చింది. అద్దె తగ్గలేదు, కానీ ఉండాలో వెళ్లాలో ఆలోచించుకునే సమయం దొరికింది. రెండు మూడు ఇళ్లు కొని అద్దెకిచ్చిన మనవాళ్లు ఈ చట్టాల వల్ల ఇబ్బంది పడ్డామని చెబుతారు, కొందరు ఇళ్లు అమ్మేశారు కూడా. ఆ నష్టం లేదని నేను అనను. 2023లో అద్దె నియంత్రణ బిల్లు కూడా ఆమె పెట్టారు, రాష్ట్రం నిషేధం తీసేసిన రోజున దానంతటదే అమల్లోకి వచ్చేలా. అది కౌన్సిల్లో ఓడిపోయింది. 2025లో మాత్రం రాష్ట్రమే ఏటా అద్దె పెంపు మీద పరిమితి పెడుతూ చట్టం చేసింది.

ఇక అమెజాన్ పన్ను. 2018 మే 14న కౌన్సిల్ పెద్ద సంస్థల మీద ఒక్కో ఉద్యోగికి ఏడాదికి 275 డాలర్ల పన్ను వేసింది. ఇళ్లు లేనివాళ్లకు వసతి కట్టడానికి ఆ డబ్బు. తొమ్మిది ఓట్లూ అనుకూలమే. నెల తిరగకముందే, జూన్ 12న, అదే కౌన్సిల్ ఏడు రెండుగా దాన్ని రద్దు చేసింది. రద్దును వ్యతిరేకించింది సావంత్, తెరీసా మోస్కెడా ఇద్దరే. పన్ను మాట ఎత్తగానే అమెజాన్ ఒక టవరు నిర్మాణం ఆపి చూపించడం, వ్యాపారులు రెఫరెండానికి సంతకాలు సేకరించడం, భవన నిర్మాణ కార్మికుల యూనియన్లే పన్నుకు ఎదురు తిరగడం, ఇవన్నీ కలిసి సభ్యులను వణికించాయి. జనంతో సభ నింపే పద్ధతికి ఉన్న హద్దు అప్పుడు బయటపడింది. ఉపాధి పోతుందన్న భయంతో అదే గదిలోకి ఎదుటి పక్షం కూడా కార్మికులనే తీసుకురాగలిగింది.

2019 ఎన్నికల్లో ఆ గొడవే తిరిగి వచ్చింది. వ్యాపార సంఘం ఎన్నికల నిధికి అమెజాన్ సుమారు 15 లక్షల డాలర్లు ఇచ్చింది, అందులో పది లక్షలు పోలింగుకు మూడు వారాల ముందు ఒకేసారి. నగర కౌన్సిల్ ఎన్నికలో ఒక కంపెనీ అంత డబ్బు పెట్టడం అందరి కంటా పడింది, అదే ఎదురు తన్నింది. ఆ సంఘం బలపరిచిన ఏడుగురిలో ఇద్దరే గెలిచారు. సావంత్ మొదటి రాత్రి లెక్కలో ఈగన్ ఒరియన్ కంటే ఎనిమిది శాతం దాకా వెనకబడి, వారాంతానికి ముందుకు వచ్చి, నాలుగు శాతం తేడాతో నెగ్గారు. మరుసటి ఏడాది జులైలో పన్ను కొత్త రూపంలో వచ్చింది. ఈసారి మోస్కెడా రాసిన బిల్లు: జీతాల కింద ఏటా 70 లక్షల డాలర్లకు మించి ఖర్చుచేసే సంస్థలు, లక్షన్నర డాలర్లకు పైబడి జీతం తీసుకునే ఒక్కో ఉద్యోగి మీద పన్ను కట్టాలి. సావంత్ ఇంకా పెద్ద పన్ను కోసం జనం ముందుకు వెళ్తానని సంతకాలు మొదలుపెట్టారు, ఆ ఒత్తిడిలో మోస్కెడా బిల్లు ఏడు రెండుగా నెగ్గింది. మన తెలుగు ఇంజినీర్లలో చాలామంది జీతాలు ఈ లెక్కలోకి వస్తాయి. అందుకే ఇది మన జేబులోంచి పోతుందని మనవాళ్లలో ఒక అపోహ ఉంది. పన్ను కట్టేది సంస్థే, జీతంలోంచి కోయడానికి వీల్లేదు. ఏటా 20 కోట్ల డాలర్లకు పైగా వస్తున్న ఆ డబ్బు నగరం లోటును పూడుస్తోంది, ఇళ్లూ కడుతోంది. ఇది చట్టం చేయించింది మోస్కెడా నైపుణ్యమేనని నేను అనుకుంటాను. పన్ను అన్న మాటను రద్దయిన తర్వాత కూడా బతికించింది మాత్రం సావంత్.

2020 వేసవి ఆమెను దాదాపు పదవి నుంచి దించేసింది. జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ఉద్యమం ఆమె డిస్ట్రిక్టులోనే, క్యాపిటల్ హిల్ పోలీసు స్టేషను చుట్టూ కేంద్రీకృతమైంది. జూన్‌లో ఒక రాత్రి ఆమె ఆందోళనకారులను సిటీ హాల్లోకి తీసుకువెళ్లారు. మేయర్ జెన్నీ డర్కన్ ఇంటికి జరిగిన ఊరేగింపులో పాల్గొన్నారు, డర్కన్ అంతకు ముందు ఫెడరల్ ప్రాసిక్యూటర్‌గా పనిచేసినందువల్ల ఆ చిరునామా రహస్యంగా ఉంచినది. ఇలాంటివి చూపి సావంత్‌ను రీకాల్ చేయాలని పిటిషను పెట్టారు. అమెజాన్ పన్ను ప్రచారానికి కార్యాలయ వనరులు వాడారన్నది మరో ఆరోపణ, దానికి ఆమె 2021లో నైతిక నియమాల సంఘం ముందు ఒప్పుకుని జరిమానా కట్టారు. సిబ్బంది నియామకాలు పార్టీ నిర్ణయిస్తోందన్న నాలుగో ఆరోపణను రాష్ట్ర సుప్రీంకోర్టు తోసిపుచ్చి, మిగతా మూడింటి మీద రీకాల్ సాగవచ్చని 2021 ఏప్రిల్‌లో చెప్పింది. డిస్ట్రిక్టు ఓటర్లలో పదివేలమందికి పైగా సంతకాలు చేస్తే గానీ ఓటింగు జరగదు. ఆ సంతకాల్లో ఆమె సొంత మద్దతుదారులవి కూడా ఉన్నాయి, ఎందుకంటే ఎక్కువమంది ఓటేసే నవంబరులోనే జరగాలని వాళ్ల పట్టుదల. అది కుదరలేదు, డిసెంబరు 7న జరిగింది. మొదటి రాత్రి దించేయాలన్న ఓట్లే ఎక్కువ. ఆఖరి లెక్కలో 41 వేల ఓట్లకు 310 ఓట్ల తేడాతో ఆమె మిగిలారు. అంతకు నూట మూడేళ్ల ముందు స్ట్రాంగ్ ఓడిన చోట సావంత్ గెలవడానికి ఒక కారణం, అద్దెదారుల ఇళ్లకు తిరిగిన ఆమె కార్యకర్తల పట్టుదలే. మేయర్ ఇంటికి వెళ్లడం మాత్రం నా దృష్టిలో తప్పు. పదవిలో ఉన్న మనిషి మరో మనిషి ఇంటి గుమ్మం మీదికి జనాన్ని తీసుకుపోకూడదు, ఎంత న్యాయమైన కోపమైనా.

భారతదేశం సంగతులు కౌన్సిల్‌కు తెచ్చింది కూడా ఈ కాలంలోనే. పౌరసత్వ సవరణ చట్టాన్ని వ్యతిరేకిస్తూ 2020 ఫిబ్రవరి 3న సియాటిల్ కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. తీర్మానం అభిప్రాయ ప్రకటన, దానికి చట్టబలం లేదు. కులం విషయంలో ఆమె తీర్మానంతో ఆగలేదు, ఆర్డినెన్స్, అంటే నగర చట్టమే, తెచ్చారు. ఉద్యోగం, ఇల్లు, హోటళ్లూ దుకాణాల వంటి బహిరంగ స్థలాలు, వీటిల్లో జాతి, మతం, లింగం పేరిట వివక్ష ఎలా నిషిద్ధమో కులం పేరిట వివక్ష కూడా అలాగే నిషిద్ధమని అది చెబుతుంది. ఫిర్యాదు నగర పౌరహక్కుల కార్యాలయం తీసుకుంటుంది.

2023 ఫిబ్రవరి 21న సిటీ హాల్ ముందు తెల్లవారుజాము నుంచే వరస కట్టారు. లోపల మాట్లాడినవాళ్లలో తెలుగు, తమిళం, పంజాబీ, మరాఠీ ఇంటి భాషలుగా ఉన్నవాళ్లు ఉన్నారు. ఒకరు టీమ్ భోజనాల్లో తిండి అలవాట్లు అడిగి కులం కూపీ లాగడం గురించి చెప్పారు. ఆ ప్రశ్నలు మనకు కొత్తవి కావు. ఇంటిపేరు చెప్పగానే ‘‘ఏ జిల్లా?’’, ఆ తర్వాత ‘‘ఆ ఊళ్లో ఎవరి తాలూకు?’’ అని సాగే పరిచయం మన విందుల్లో నేను ఎన్నోసార్లు విన్నాను. అడిగినవాళ్లలో చాలామంది అది వివక్ష అనుకోరు. జవాబు చెప్పాల్సినవాళ్లు మాత్రం ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, ఏం చెప్పాలో చూసుకుంటారు. ఆ ఒక్క క్షణం గురించి మన సంఘాలు బహిరంగంగా ఎన్నడూ మాట్లాడలేదు. ఒక నగర కౌన్సిల్ గదిలో, అపరిచితుల ముందు, రెండు నిమిషాల గడువులో మాట్లాడాల్సి వచ్చింది.

వ్యతిరేకించినవాళ్లూ పెద్ద సంఖ్యలోనే వచ్చారు. హిందువులను వేలెత్తి చూపుతున్నారని, జాతి వివక్ష చట్టంలోనే ఇది ఇమిడి ఉందని, సంస్థలు భారతీయులను ఉద్యోగంలోకి తీసుకోవడానికి జంకుతాయని వాళ్ల వాదన. కౌన్సిల్‌లో సారా నెల్సన్ ఒక్కరే వ్యతిరేకంగా ఓటేశారు. ఇద్దరు హాజరు కాలేదు. ఆరు ఒకటిగా నెగ్గింది, మేయర్ బ్రూస్ హారెల్ సంతకం చేశారు. సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో అదే బాట పట్టింది. కాలిఫోర్నియా రాష్ట్ర స్థాయి బిల్లును మాత్రం గవర్నర్ న్యూసమ్ అక్టోబరులో వీటో చేశారు. వ్యతిరేకించినవాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయను, పరాయిగడ్డ మీద మన మతాన్ని తప్పుగా చూపుతారన్న ఆందోళన నిజమైనదే. కానీ చట్టంలో ఏ మతం పేరూ లేదు. కులం పేరిట అవమానం జరిగినప్పుడు వెళ్లడానికి ఒక కార్యాలయం ఉండటం మన పిల్లలకు మంచిదే. ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి: ఇది సియాటిల్ పొలిమేరల లోపలే. మైక్రోసాఫ్ట్ ఉన్న రెడ్‌మండ్‌కు గానీ, మనవాళ్లు ఎక్కువగా ఇళ్లు కొనుక్కున్న బెల్వ్యూ, సమామిష్, బోథెల్‌లకు గానీ వర్తించదు. సరస్సు అవతల ఆ పట్టణాలకు వాటి వాటి కౌన్సిళ్లు ఉన్నాయి.

సావంత్‌కు వ్యతిరేకంగా నేను పదే పదే విన్నది సహచరుల మాట. బడ్జెట్ ఓటింగుల్లో చాలాసార్లు ఆమె ఒక్కరే వద్దన్నారు. సభలోనే తోటి సభ్యులను కంపెనీల తొత్తులన్నట్టు మాట్లాడిన రోజులున్నాయి. కొండ మీద రోడ్డు గుంతల గురించి ఫోన్ చేస్తే ఆ కార్యాలయం పలకదని మా వీధివాళ్లు అనేవారు. అయిదు ఓట్లు కావాల్సిన చోట నాలుగు కుర్చీలను రోజూ శత్రువులుగా చూస్తే, జనం సభకు రాని రోజున ఏమీ జరగదు. నా లెక్కలో ఆమె పద్ధతికి ఉన్న పెద్ద లోపం అదే, ఆమె తర్వాత ఆ స్థానంలో ఆమె వర్గం నుంచి నిలబడగల మనిషి తయారు కాకపోవడం కూడా దాని ఫలితమే. 2023 చివర్లో పదవీకాలం ముగిసింది. జాయ్ హాలింగ్స్‌వర్త్ ఆ డిస్ట్రిక్టు గెలిచారు. 2024 జనవరిలో కౌన్సిల్ అధ్యక్షురాలైంది సారా నెల్సన్. 2023లోనే వర్కర్స్ స్ట్రైక్ బ్యాక్ అనే సంస్థ పెట్టిన సావంత్, 2025లో అమెరికా ప్రతినిధుల సభకు అప్పటి సభ్యుడు ఆడమ్ స్మిత్ మీద పోటీ ప్రకటించారు. కౌన్సిల్‌లో ఒక్క ఓటుకు ఉన్న విలువ 435 మంది ఉన్న సభలో ఉండదు, అందుకని ఆమె పద్ధతికి తగిన చోటు నగరమేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆమె వెళ్లిన తర్వాత 2024లో కనీస వేతనం చట్టం మళ్లీ కౌన్సిల్ ముందుకు వచ్చింది. 2014లో చిన్న సంస్థలకు ఇచ్చిన టిప్పుల వెసులుబాటు ఆ ఏడాది చివరితో ముగియాల్సి ఉంది. దాన్ని శాశ్వతం చేయాలని హాలింగ్స్‌వర్త్ బిల్లు తెచ్చారు, చిన్న హోటళ్ల బాధలు విని తెచ్చిన బిల్లే అది. కార్మిక సంఘాలూ హోటళ్లలో పనిచేసేవాళ్లూ గట్టిగా వ్యతిరేకించడంతో వేసవి ముగిసేలోగా ఆమె దాన్ని పక్కన పెట్టారు. గడువు అనుకున్న తేదీకే ముగిసింది. 2025 జనవరి 1 నుంచి చిన్న సంస్థ, పెద్ద సంస్థ తేడా లేకుండా సియాటిల్ అంతటా గంటకు 20.76 డాలర్ల కనీస వేతనం, టిప్పులు వేరుగా, అమల్లోకి వచ్చాయి.